గీ ఒక్క ఆట అయినంక

ఆయన పోయారని ఫోన్ వచ్చినప్పుడు నేను కంప్యూటర్లో పేకాట ఆడుతున్నాను. నల్గొండ ఆఫీసులో మధ్యాహ్నం భోజనాల వేళ. టిఫిన్ డబ్బా మూత ఇంకా తీయలేదు. ఫోన్ చేసింది నేను అంతకుముందు పనిచేసిన మహబూబ్‌నగర్ ఆఫీసు అటెండరు. "మన టైపిస్ట్ సాబ్ లేడమ్మా. పొద్దుగాల పానం పోయింది. మాపటికి మట్టి జేస్తరట" అని చెప్పాడు. నేను సరేనన్నాను. ఫోన్ పెట్టేసి, ముందర సగంలో ఉన్న ఆటను పూర్తి చేశాను. ఆ తర్వాతే ఏడుపొచ్చింది. ఈ సంగతి దాచి మిగతాది రాస్తే దానికి అర్థం ఉండదు.

ఆయనకొక పేరుంది. హాజరు పట్టీలో చిన్న చిన్న అక్షరాలతో రోజూ రాసేవారు కూడా. ఆ పేరుతో పిలిచినవాళ్లను మాత్రం నేను చూడలేదు. అటెండరు నుంచి ఆఫీసరు దాకా అందరికీ ఆయన సాబే. పొట్టి మనిషి. ఎండాకాలమైనా చలికాలమైనా తెల్ల చొక్కా, మణికట్టు దగ్గర గుండీ పెట్టుకునే టైపు చేసేవారు. కుడి చెవి మడతలో అత్తరు దూది ఉండేది. ఆయన వరండాలో నడిచిపోయిన చాలాసేపటికి కూడా ఆ వాసన కాగితాల మీద నిలిచేది.

ఎనభైల చివర్లో నేను జూనియర్ అసిస్టెంటుగా చేరాను. వచ్చిన కాగితాలను తీసుకోవడం, ఏ ఫైలు ఏ రోజు ఎవరి బల్ల మీదికి పోయిందో రిజిస్టర్లో రాసుకోవడం నా పని. మొదటివారంలోనే ఒక చిత్తు ప్రతి తీసుకొని సాబ్ దగ్గరికి వెళ్లాను. దాంట్లో రెండుచోట్ల కొట్టివేతలున్నాయి. ఆయన దాన్ని వేళ్ల కొసలతో పట్టుకొని నాకే తిరిగి ఇచ్చారు. "బిడ్డా, నువ్వు సాఫుగ రాస్తె నేను సాఫుగ కొడ్త. గింత గలీజు కాయితం నా మిషన్ మీదికి తేకు" అన్నారు. నాకు కళ్లల్లో నీళ్లు తిరిగాయి. మధ్యాహ్నం అటెండరు చేత నాకొక చాయ్ పంపించారు. ఏమనలేదు, నవ్వలేదు, చాయ్ మాత్రం వచ్చింది.

ఐదు ప్రతులు, నాలుగు కార్బన్లు. పై కాగితం మీద ఒక్క అక్షరం తప్పు పడితే కింది నాలుగింటినీ ఎత్తి ఒక్కొక్కటీ రబ్బరుతో రుద్దాలి. జిల్లాలో టైపిస్టులందరూ అదే చేసేవారు. సాబ్ రుద్దేవారు కాదు. ఐదు కాగితాలూ గుంజి చింపి బుట్టలో పడేసి మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టేవారు. ఆ రోజు చాయ్ తాగేవారు కాదు. అది తనకు తాను వేసుకున్న జుర్మానా అని నాకు చాలా రోజులకు తెలిసింది.

పని లేనప్పుడు చిన్న బ్రష్షుతో అక్షరాల గుంతల్లోని మసి తీసేవారు. అదే సమయంలో బయట వరండాలో అటెండర్లు, డ్రైవర్లు బండ మీద సుద్దతో గీసుకొని పులిమేక ఆడేవారు. సాబ్ నమాజుకు పోతూ సరిగ్గా ఆ గీతల మీద నుంచే నడిచిపోయేవారు. పక్కన ఇంత జాగా ఉన్నా సరే. బూటు కింద పులులూ మేకలూ చెరిగిపోయేవి. "సర్కారు గంటలివి. మీ అయ్య జాగీరు గాదు" అనేవారు. వాళ్లకు ఆయనంటే కోపమే. కానీ దరఖాస్తు ఏదన్నా రాయించుకోవాలంటే ఆయన దగ్గరికే వచ్చేవారు, ఆయన కాదనేవారు కాదు.

తొంభైల నడుమ మా ఆఫీసుకు కంప్యూటర్ వచ్చింది. దాని కోసం రికార్డు గదిలో సగం ఖాళీ చేసి, సున్నం వేసి, తలుపుకు నీలం పరదా కట్టారు. చెప్పులు బయట విడిచి పోవాలన్నారు. నన్ను వారం రోజులు ట్రైనింగుకు పంపారు. నేను వచ్చి సాబ్‌కు నేర్పాలి. టైపు మిషన్లను ఒక మూలకు చేర్చి, కొద్దిరోజులకు వేలం వేశారు. సాబ్ తన మిషన్ తనకే ఉండనీయమని ఆఫీసరును అడిగారు. రూల్సు ఒప్పుకోవన్నారు. ట్రాలీ మీద దాన్ని గేటు దాటించేటప్పుడు ఆయన సీట్లోనే కూర్చొని ఖాళీ బల్లను గుడ్డతో తుడుస్తున్నారు.

ముప్పై ఏళ్లుగా జిల్లాలో అందరికంటే వేగంగా కొట్టే చేతులవి. కంప్యూటర్ ముందు అవే ఆయనకు శత్రువులయ్యాయి. పాత అలవాటుతో మీటలను గట్టిగా కొడితే ఒక్కో అక్షరం మూడు నాలుగుసార్లు పడేది. మౌసును తిప్పమంటే గాలిలోకి ఎత్తేవారు. ఆఫీసరు ఒకసారి పరదా పక్కకు జరిపి చూసి, "ఏం సాబ్, దున్నుతున్నారా" అని నవ్వి పోయాడు. మిగతావాళ్లు కూడా నవ్వారు. సాబ్ మణికట్టు గుండీ విప్పి మళ్లీ పెట్టుకున్నారు.

ఆ రోజే నేను ఆయనకు పేకాట చూపించాను. ట్రైనింగులో మాకు అట్లాగే నేర్పారు. ఒక్కరే ఆడుకునే ఆట. ఎర్ర పది మీద నల్ల తొమ్మిది, నల్ల తొమ్మిది మీద ఎర్ర ఎనిమిది పెట్టుకుంటూ పోవాలి. ఆసు నుంచి రాజు దాకా నాలుగు కట్టలూ పేరిస్తే గెలిచినట్టు. మౌసు చేతికి వస్తుంది సాబ్, ఒక నాలుగు రోజులు ఆడండి అన్నాను. పేకముక్కలు ముట్టడం హరాం కదా బిడ్డా అని ఆయన సందేహపడ్డారు. ఇవి ముక్కలు కావు, బొమ్మలే, పందెం కూడా లేదు అని నేనే నచ్చజెప్పాను.

నాలుగు రోజుల్లో మౌసు వచ్చింది. ఆట పోలేదు.

మొదట ప్రింటర్ గరగరమంటూ కాగితం కక్కే లోపు ఒక ఆట. తర్వాత ఒక చిత్తుకూ ఇంకో చిత్తుకూ నడుమ. తర్వాత భోజనం వేళ, ఎడమ చేతిలో రొట్టె పట్టుకొని. కరెంటు పోయి వస్తే ముందుగా ఫైలు తెరిచేవారు కాదు. ఎవరన్నా పరదా జరిపితే "జర ఆగు, గీ ఒక్క ఆట అయినంక" అనేవారు, స్క్రీన్ మీది నుంచి కళ్లు తిప్పకుండా. ఆ మాట ఆఫీసంతా పాకింది. క్యాషియరు దగ్గరికి జీతం కోసం పోతే కూడా "గీ ఒక్క ఆట అయినంక" అని సాబ్ గొంతుతో అనేవాడు. అందరూ నవ్వేవారు. నేనూ నవ్వేదాన్ని.

గెలిచినప్పుడు ముక్కలన్నీ ఎగిరెగిరి కిందికి దూకుతాయి. సాబ్ కుర్చీ వెనక్కి జరిపి, ఎవరన్నా చూశారా అని గదంతా ఒక చూపు చూసేవారు. చాలాసార్లు ఉన్నది నేనొక్కదాన్నే.

ఒకరోజు ఆయన నమాజు వేళ దాటిపోయింది. ఆఫీసు వెనక మసీదులో జమాత్ అయిపోయి జనం తిరిగి వస్తుంటే ఆయన గడియారం చూసుకున్నారు. రికార్డు గదిలో మిగిలిన సగంలో, దుమ్ము పట్టిన ఫైళ్ల నడుమ తువ్వాలు పరుచుకొని ఒక్కరే చదువుకున్నారు. తర్వాత నా బల్ల దగ్గరికి వచ్చి నిలబడ్డారు. నేనడగలేదు, ఆయనే చెప్పారు.

"ముప్పై ఏండ్లాయె బిడ్డా. ఒక్క అక్షరం తప్పు వోతె ఐదు కాయితాలు చింపిన. గీ మిషన్ల తప్పు జేస్తె కొత్త పత్తాలు పంచుతది. ఎందుకు జేసినవ్ అని అడుగది. గది మంచిగనిపిస్తాంది."

రేపటి నుంచి మానుకోండి సాబ్ అన్నాను. ఆయన తల ఊపారు. పరదా వెనక్కి పోయి కూర్చున్నారు. కాసేపటికి మౌసు నొక్కుడు వినిపించింది.

ఆఫీసరు గదికి కూడా ఒక కంప్యూటర్ వచ్చింది. నేర్పడానికి సాబ్‌ను పిలిచారు. నేను ఫైలు తీసుకొని వెళ్లినప్పుడు ఆఫీసరు కుర్చీలో, సాబ్ ఆయన వెనక నిలబడి ఉన్నారు. "సర్, ఎర్ర గులాం మీదికి నల్ల పది వస్తది సూడుండ్రి" అని మెల్లగా చెబుతున్నారు. ఆఫీసరు చెవులు ఎర్రబడ్డాయి, ఆటలో మునిగిపోయినవాళ్లకు అయ్యేటట్టు. అప్పటి నుంచి మా ఆఫీసులో రెండు గదుల్లో ఒకే ఆట నడిచింది. ఒక గదికి పరదా, ఇంకో గదికి తలుపు. తలుపున్న గదిలో ఆటను ఎవరూ ఎక్కిరించలేదు.

ఇప్పుడు ఆ కొల్లాపూర్ ఆమె సంగతి చెప్పాలి.

ఆమె భర్త కొల్లాపూర్‌లో మా కింది ఆఫీసులో అటెండరు. కామెర్లతో చనిపోయాడు. ముప్పై దాటని మనిషి. ఇద్దరు ఆడపిల్లలు. భర్త నౌకరీ ఆమెకు ఇవ్వవచ్చు, కానీ చనిపోయిన సంవత్సరం లోపల దరఖాస్తు మా ఆఫీసు సిఫారసుతో హైదరాబాద్ చేరాలి. ఎవరో సలహా చెప్పి, ఇంకెవరో వద్దని చెప్పి, పత్రాలు తేవడంలో ఆమెకు పదకొండు నెలల పైనే గడిచాయి. చివరకు అన్నీ తెచ్చి ఇచ్చింది. సాబ్ ఆ రోజే లేఖ కొట్టి ఇచ్చారు. ఆటలో ఉండి కూడా ఆపి కొట్టారు, అది నేను చూశాను. ఆఫీసరు సంతకం కోసం నేనే లోపల పెట్టాను. ఏ రోజు పెట్టానో రిజిస్టర్లో రాసుకున్నాను.

తొమ్మిది రోజులు ఆ లేఖ లోపలి బల్ల మీద ఉంది.

ఆ తొమ్మిది రోజుల్లో ఆమె రెండుసార్లు వచ్చింది. కొల్లాపూర్‌లో మొదటి బస్సు పట్టుకొని, నాగర్‌కర్నూల్‌లో మారి, పదిన్నరకు మా వరండాలో దిగేది. ఆఫీసరు గది తలుపు సందులోంచి స్క్రీన్ వెలుగు కనిపించేది. సార్ పనిలో ఉన్నారమ్మా అని నేను చెప్పేదాన్ని. రెండుసార్లు లోపలికి పోయి గుర్తు చేశాను. "చూస్తానన్నాను కదా" అన్నాడు రెండోసారి. ఆ గొంతు విని మూడోసారి పోలేదు. అప్పటికి నా సొంత కాగితం కూడా ఆ బల్ల మీదే ఉంది. నా భర్తకు నల్గొండలో పని, మా పాప ఆయన దగ్గర, నేనిక్కడ కిరాయి గదిలో. బదిలీ కోసం పెట్టుకున్న దరఖాస్తు అది.

గడువు చివరి రోజు ఆమె మూడోసారి వచ్చింది. ఆ సాయంత్రం లోపల మనిషినిచ్చి పంపితే హైదరాబాద్‌లో అందుతుంది. పదకొండు గంటలకు ఆఫీసరు బెల్లు కొట్టాడు. లేఖ బయటికి వచ్చింది, సంతకం లేకుండా. చనిపోయిన భర్త పేరు ముందు 'లేట్' అనే మాట పడలేదని ఎర్ర సిరాతో గుర్తు పెట్టాడు. సరిచేసి వెంటనే తెమ్మన్నాడు. ఐదు నిమిషాల పని.

నేను పరదా జరిపి, సాబ్ ముందర కాగితం పెట్టి, ఇది ఇప్పుడే కావాలి, ఆమె వచ్చి కూర్చుంది అని చెప్పాను. ఆయన కాగితం చూశారు. స్క్రీన్ కూడా చూశారు. మూడు కట్టలు అయిపోయి నాలుగోది సగంలో ఉంది.

"పెట్టిపో బిడ్డా. గీ ఒక్క ఆట అయినంక."

నేను పెట్టి వచ్చాను. చేయి పట్టుకొని మౌసు గుంజుకోలేదు. అట్లా గుంజుకునేంత చనువు నాకుంది.

ఆమె కంప్యూటర్ గది ఎదురుగా బెంచీ మీద కూర్చొని ఉంది. పరదా పూర్తిగా జరగలేదు. సందులోంచి సాబ్ వీపూ, మౌసు మీద కదిలే చేయీ కనిపిస్తున్నాయి. ఆమె ఆ వీపునే చూస్తోంది. నేను పక్క నుంచి పోతుంటే కొంగు సర్దుకొని లేచి నిలబడి, మెల్లగా అడిగింది.

"నా కాయితమే జేస్తుండు గదమ్మా సాబు? శాన కష్టపడుతుండు."

ఔనన్నాను.

ఆ ఆట ఓడిపోయారనుకుంటాను. ఓడినప్పుడే ఆయన ఇంకొకటి మొదలుపెట్టేవారు. పదకొండూ నలభైకి బయట జీపు స్టార్టయిన చప్పుడు వినిపించింది. ఆఫీసరు మూడు రోజుల క్యాంపు. పోయే ముందు నా బల్ల దగ్గర ఆగి, "ఆ లేఖ రాలేదా" అని అడిగాడు. ఇదిగో తెస్తాను సార్ అని నేను లేచే లోపల వరండా దిగిపోయాడు. ప్రింటర్ అప్పుడే గరగరమంది.

సాబ్ కాగితం గుంజుకొని పరుగెత్తారు. కంప్యూటర్ గదిలో బూట్లు విప్పి కూర్చునేవారు కదా, మేజోళ్లతోనే ఉరికారు. చొక్కా గుండీ పెట్టుకొనే ఉంది. చేయెత్తి ఆ కాగితాన్ని ఊపుతూ గేటు దాకా, గేటు దాటి రోడ్డు మీదికి, కంకర మీద. జీపు ఆగలేదు. ఆఫీసరు అద్దంలో చూశాడో లేదో నాకు తెలియదు. చూశాడని డ్రైవరు తర్వాత ఎవరితోనో అన్నాడట. ఆమె బెంచీ మీది నుంచి లేచి, ఏమైందో అర్థం కాక, ఆయన పరుగెత్తినవైపే చూస్తూ నిలబడింది.

దరఖాస్తు గడువు దాటిందని హైదరాబాద్ నుంచి తిరిగొచ్చింది. ఆమె తరఫు వాళ్లెవరో పై అధికారులకు రాశారు. ఆలస్యానికి కారకులెవరో తేల్చి చెప్పమని మా ఆఫీసుకు ఉత్తరం వచ్చింది. ఆఫీసరు ఒక్కరోజులో తేల్చాడు. పని గంటల్లో టైపిస్టు కంప్యూటర్లో పేకాట ఆడుతూ అత్యవసర కాగితాన్ని నలభై నిమిషాలు ఆపాడు. సాక్షి నేను.

నన్ను లోపలికి పిలిచాడు. పోగానే స్క్రీన్‌ను నాకు కనిపించకుండా కొద్దిగా పక్కకు తిప్పుకున్నాడు. నా బదిలీ దరఖాస్తు బల్ల మీద, గాజు పేపర్ వెయిట్ కింద ఉంది. దాని గురించి ఒక్క మాట కూడా అనలేదు. అనవలసిన అవసరం లేకపోయింది.

"ఆయన ఆడుతుండటం చూశారా?"

"చూశాను సార్."

"ఎంతసేపు?"

"నలభై నిమిషాలు."

"అదే రాసివ్వండి. జరిగింది జరిగినట్టు రాయండి, ఒక్క మాట ఎక్కువ వద్దు, తక్కువ వద్దు."

రాసిచ్చాను. అందులో ఒక్క అబద్ధం లేదు. రిజిస్టర్ నా బల్ల సొరుగులోనే ఉంది. ఏ తేదీన లోపలికి పోయిందో, ఏ తేదీన బయటికి వచ్చిందో నా చేతిరాతతోనే ఉంది. దాన్ని ఎవరూ అడగలేదు. నేనూ తీయలేదు.

సాబ్‌ను వివరణ అడిగితే ఒకే ఒక్క వాక్యం కొట్టి ఇచ్చారు, ఆట ఆడిన మాట వాస్తవమని. కాగితం మీద ఒక్క తప్పు లేదు. ఆయన ప్రమోషన్ ఆపేసి అమ్రాబాద్ వైపు ఒక చిన్న ఆఫీసుకు బదిలీ చేశారు. ఇంకో రెండు వారాలకు నా నల్గొండ ఆర్డరు వచ్చింది.

ఆయన చార్జీ అప్పగించే రోజు కొల్లాపూర్ ఆమె వచ్చింది. అప్పటికి ఎవరో ఆమెకు అంతా చెప్పారు. అంతా అంటే నలభై నిమిషాలు. వరండాలో అందరి ముందర ఆయనను నిలబెట్టి అడిగింది. పెద్దగా అరవలేదు. "నా కాయితం కోసమే గింత కష్టపడుతుండు అనుకున్న సారూ. నీ ఈపు సూసి దండం బెట్టుకున్న. నువ్వు ఆటాడుతున్నవు" అన్నది. ఆ తర్వాత ఆమె పెట్టిన శాపనార్థాలు ఇక్కడ రాయను. సాబ్ చేతులు కట్టుకొని, తల వంచి, ఆమె ఆపేదాకా నిలబడ్డారు. లోపలి గది తలుపు వేసే ఉంది. నేను నా సీట్లో కూర్చొని రిజిస్టర్లో గీతలు గీస్తున్నాను, కొత్త పేజీకి.

రెండేళ్ల తర్వాత అచ్చంపేట బస్టాండులో ఆయన కనిపించారు. మా ఆడబిడ్డ వాళ్లింట్లో శుభకార్యానికి పోయి తిరిగి వస్తున్నాను. చొక్కా తెల్లదే, మెడ దగ్గర వదులైంది. చెవిలో దూది లేదు. నన్ను చూసి లేచి, పక్కన జాగా చేసి కూర్చోమన్నారు. అక్కడ కంప్యూటర్ లేదని, పాత టైపు మిషన్ ఉందని, ఒక అక్షరం జర ఎగిరి పడుతుందని, అడవి ఆఫీసుకు ఉత్తరాలే తక్కువని చెప్పారు. మరి ఖాళీగా ఏం చేస్తారు సాబ్ అని అడిగి నాలుక కరుచుకున్నాను. ఆయన చేయి మోకాలు మీద అటూ ఇటూ ఒకసారి కదిలింది, మౌసు పట్టినట్టు. దాన్ని ఇంకో చేత్తో కప్పుకున్నారు.

కొల్లాపూర్ ఆమె గురించి ఆయనే చెప్పారు. అక్కడ ఒక హాస్టల్లో రోజు కూలికి అంట్లు తోముతోందట. పెద్దపిల్లను బడి మాన్పించిందట. మనిషిని పంపి తెలుసుకున్నానన్నారు.

నేను అప్పుడు చెప్పాను. "సాబ్, ఆ రిజిస్టర్ నా దగ్గరే ఉండె."

"తెలుసు బిడ్డా. తొమ్మిది దినాలు. నాకు గూడ యాదికున్నది."

"మీరెందుకు చెప్పలేదు మరి?"

ఆయన సంచి ఒళ్లోకి తీసుకున్నారు.

"ఆయన తొమ్మిది దినాలు ఆయనయి. నా నలభై నిమిషాలు నాయి. నాయి లేకపోతె ఆ పిల్లకు నౌకరీ వచ్చునా, రాకపోవునా? వచ్చును. ఇగ నేను ఏ మొకం బెట్టుకొని చెప్పాలె." తర్వాత నన్ను అడిగారు. "నల్గొండల మంచిగుందా? ఇల్లు ఆఫీసుకు దగ్గర్నేనా?"

దగ్గరే అన్నాను. అది పరామర్శో, ఎత్తిపొడుపో ఇప్పటికీ తేల్చుకోలేదు. అమ్రాబాద్ బస్సు వచ్చింది. ఆయన సంచి తీసుకొని ఎక్కారు. కిటికీ దగ్గర సీటు దొరికినా నా దిక్కు చూడలేదు.

చనిపోయినప్పుడు వెంటనే పోలేకపోయాను. పోలేకపోయానంటే పోలేదు. పదో రోజు దాటాక ఒక ఆదివారం మహబూబ్‌నగర్ పోయి, రాయచూరు రోడ్డు వెనక గల్లీలో ఇల్లు వెతుక్కున్నాను. ఆయన భార్యను అంతకుముందు నేను చూడలేదు. భర్త పోయిన ఆడవాళ్లు నాలుగు నెలలకు పైగా గడప దాటకుండా గడిపే ఇద్దత్‌లో ఉన్నారు కాబట్టి లోపలి గదిలో ఉన్నారు. ఆడమనిషిని కదా, నన్ను లోపలికి తీసుకుపోయారు. చాప మీద మరో నలుగురు బంధువుల ఆడవాళ్లు కూర్చొని ఉన్నారు. నేను ఎవరో, ఎక్కడ పనిచేసేదాన్నో చెప్పాను.

ఆమె నా రెండు చేతులూ పట్టుకున్నారు.

"నువ్వేనా అమ్మా గా రిజిస్టర్ దీస్కొని ఆఫీసర్ ముంగట నిలవడ్డ పిల్లవు?"

ఆమె బంధువుల వైపు తిరిగి చెప్పడం మొదలుపెట్టారు. మా సాబ్‌కు అన్యాయం జరిగిన రోజున ఆఫీసంతా నోరు మూసుకుంటే ఈ పిల్ల ఒక్కతే రిజిస్టర్ తెచ్చి తేదీలు చూపించిందట. బదిలీ ఆగిపోతుందని ఆఫీసరు బెదిరించినా భయపడలేదట. ఎవరూ వినలేదు, అది వేరే సంగతి.

"ముప్పై ఏండ్లు జేసిన జాగల నా కోసం ఒక్క మనిషన్న నిలవడ్డది బేగం, గది చాలు నాకు, అనెటోళ్లు. అన్నం తినెటప్పుడు ఎన్నిసార్లు చెప్పిండ్రో. మాకు గదే ధైర్యమాయె."

ఆ నలుగురు ఆడవాళ్లూ నా వైపు చూశారు. వాళ్లలో పెద్దావిడ లేచి నాకు గోడ దగ్గర జాగా ఇచ్చింది. సాబ్ భార్య తన బిడ్డను పిలిచి చాయ్ పెట్టమన్నారు. ఆమె చేతులు నా చేతుల్ని ఇంకా వదలలేదు. నేను ఆ ఇంటికి పోయింది నిజం చెప్పడానికే.

"నువ్వేనా బిడ్డా?" అని ఆమె మళ్లీ అడిగారు.

"ఔనమ్మా, నేనే" అన్నాను.

ఆమె నా తల మీద చెయ్యి పెట్టి, నా పిల్లలు చల్లగా ఉండాలని దువా చేశారు. నేను తల వంచి కూర్చున్నాను. చాయ్ వచ్చింది. తాగాను.